నెలీదా మెట్ట

ఆ ఉదయం కూడా హసింతా చేప పళ్లేన్ని పక్కకు జరిపింది.

నెలీదా పొయ్యి దగ్గర నుంచే ఆ సంగతి గమనించింది. భర్త అర్తిదోరో చీకటితోనే లేచి నదిలో వల వేసి తెచ్చిన చేపలవి. పొలుసు గీరి, ఉప్పూ మిరపకాయా పట్టించి, అరటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చింది. పక్కన ఉడికించిన అరటికాయలు పెట్టింది. మొగుడూ, కూతురు దేలీ వేళ్లు నాక్కుంటూ తింటున్నారు. అత్తగారు మాత్రం అరటికాయ తుంచుకుని నోట్లో వేసుకుంది, చేప వైపు చూడను కూడా చూడలేదు.

"గుడ్డేమైనా ఉందా?" అని అడిగింది.

"ఉంది." నెలీదా మూకుడు చప్పుడయ్యేలా పొయ్యి మీద పెట్టింది. "లేకపోతే ఎలా? ఈ ఇంట్లో చేప రుచి కొందరికి పడదు కదా."

"అమ్మా, మళ్లీ మొదలెట్టకే," అంది దేలీ. దానికి పదిహేడేళ్లు. ఇద్దరి మధ్యా తల తిప్పి తిప్పి దానికి మెడ నొప్పి పుట్టింది.

ఏడాది దాటింది ఈ తంతు మొదలై. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆ ముసలావిడ ముల్లు కూడా వదలకుండా తినేది. పోయిన ఏడు జూలైలో కూరలో ఉప్పెక్కువైందని ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆ వారం నుంచే చేప మానేసింది. కపిరోనా ఊళ్లో చేప మానడమంటే అన్నం తినే ఊళ్లో అన్నం మానడమే. ఇరుగుపొరుగు భోజనానికి కూర్చున్నప్పుడు కూడా అలాగే పళ్లెం జరిపేసేది. నా చేతి వంట బాగోలేదని ఊరంతా చాటడానికే ఇలా చేస్తోందని నెలీదా మనసులో ముద్ర పడిపోయింది.

అర్తిదోరో చేతులు కడుక్కుంటూ, "ప్రార్థన అయ్యాక బడిలో సభ ఉంది. అందరూ రావాలన్నాడు ఫెర్మీన్," అన్నాడు. ఫెర్మీన్ ఊరి పెద్ద.

"దేని గురించి?"

అర్తిదోరో తువ్వాలుతో చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "సమాధుల తోట గురించి," అన్నాడు.

కపిరోనాకు సొంత సమాధుల తోట లేదు. ఉకయాలి నది ఒడ్డున ముప్పై నాలుగు ఇళ్లు, అన్నీ గుంజల మీద నిలబెట్టినవే. జనవరి వచ్చిందంటే నది ఊళ్లోకి వస్తుంది. ఏప్రిల్ దాకా ఇంటి నుంచి ఇంటికి దోనెల్లోనే తిరగాలి. అలాంటి నేలలో మనిషిని పాతిపెట్టలేరు. అందుకే ఊరు పుట్టినప్పటి నుంచీ చనిపోయినవాళ్లను దోనెలో వేసుకుని రెండు మలుపుల కింద ఉన్న శాన్ రోకె ఊరికి తీసుకెళ్లేవారు. నెలీదా మామగారిని ఏడేళ్ల క్రితం అక్కడే పాతిపెట్టారు. పోయిన ఏడు జూలైలో, నది బాగా తగ్గిపోతుండగా శాన్ రోకె గట్టు కోసుకుపోయి, సగం సమాధుల తోట నదిలో కలిసిపోయింది. మిగిలిన సగం మా వాళ్లకే చాలదు, ఇక మీ వాళ్లను తేవద్దని శాన్ రోకె వాళ్లు కబురు పెట్టారు.

అప్పుడు అర్తిదోరో వెళ్లి చూసి వచ్చాడు. మెట్ల దగ్గరే నిలబడి, "నాన్నది కూడా పోయిందమ్మా," అన్నాడు. హసింతా కర్రపెండలం చెక్కు తీస్తోంది. "సరే," అని మళ్లీ చెక్కు తీసుకుంటూ కూర్చుంది. ఎంత రాతి గుండె అనుకుంది ఆ రోజు నెలీదా.

బడిలో బల్లలు చాలక సగం మంది నిలబడ్డారు. ఫెర్మీన్ విషయం చెప్పాడు. నదికి ఎగువనున్న ఊరి సమాధుల తోటకు తీసుకెళ్లాలంటే మోటారు దోనె మీద ఒకటిన్నర రోజు ప్రయాణం. ఈ ఎండలకు శవం ఆగదు. మన ఊళ్లోనే ఎక్కడైనా చోటు చూసుకోవాలి.

"చూసుకోవడానికేముంది?" దోనెలు చెక్కే రొసెందో గోడకు ఆనుకుని అన్నాడు. "నది ఎంత పొంగినా మునగని చోటు ఊరి మొత్తానికి ఒక్కటే. అది ఎక్కడుందో అందరికీ తెలుసు. చెప్పడానికి భయపడుతున్నారంతే."

అందరి చూపులూ నెలీదా వైపు తిరిగాయి.

ఊరి వెనక ఉన్న ఆ మెట్ట ఇరవై రెండేళ్ల క్రితం వట్టి ఎర్రమన్ను గుట్ట. గడ్డి కూడా మొలిచేది కాదు. ఎవరూ వద్దనుకున్న ఆ నేలను కొత్త కోడలుగా వచ్చిన నెలీదా అడిగి తీసుకుంది. నీరు తీసిన ప్రతి ఏడూ నది వదిలిన ఒండ్రు మట్టిని గంపలకెత్తి నెత్తిన మోసుకెళ్లి పోసింది. కడుపుతో ఉన్నప్పుడూ మోసింది. ఇప్పుడక్కడ పదకొండు నారింజ చెట్లు, నిమ్మ, బొప్పాయి, కోళ్ల పాక. వరదలో ఆమె కోళ్లు మాత్రమే చావకుండా బతికేవి. వచ్చే ఏడు అక్కడే ఇల్లు కట్టుకోవాలని అర్తిదోరో చేత ఎనిమిది గట్టి గుంజలు కొట్టించి ఆరబెట్టింది.

"అది నా మెట్ట," అంది నెలీదా.

"కాదని ఎవరన్నారమ్మా?" రొసెందో నవ్వాడు. "నెలీదమ్మ కోళ్లు పొడి నేల మీద కాళ్లు చాపుకుని పడుకుంటాయి. మన శవాలకు బురద గతి. ఈ ఊళ్లో మనిషిగా చావడం కంటే నెలీదమ్మ కోడిగా పుట్టడం నయం."

బడంతా గొల్లుమంది. నెలీదా చెవులు కాలిపోయాయి.

"అన్నయ్యా, ఆ మట్టి మీద గడ్డి కూడా మొలవదని పందెం కాసింది నువ్వే కదా. ఇరవై రెండేళ్లలో ఒక్క గంప ఎత్తి నా నెత్తిన పెట్టావా? నన్ను చూసి ఈల వేసేవాడివి. ఇప్పుడు కావాల్సొచ్చిందా?"

"నాకు కాదు తల్లీ. నాకింకా చాలా టైముంది. ఊరికి."

నెలీదా భర్త వైపు చూసింది. ఒక్క మాట మాట్లాడతాడని. అర్తిదోరో టోపీ అంచు తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు. ఏమీ తేలకుండానే సభ ముగిసింది.

ఇంటికి వచ్చాక మెట్లెక్కుతూనే హసింతా అంది, "ఇచ్చెయ్యవే."

నెలీదా గిరుక్కున తిరిగింది. "ఏమన్నావు?"

"ఆ మెట్ట. ఇచ్చెయ్యి. నాకు డెబ్బై ఎనిమిది. పోతే ఎక్కడ పెడతారు నన్ను?"

"ఇరవై రెండేళ్లుగా మీ అబ్బాయి ఇంట్లో ప్రతి ఏడూ నీళ్లలో వండుతున్నాను. దేలీకి నడక రాని వయసులో వరదొస్తే మూడు నెలలు దాన్ని నడుముకి కట్టుకుని తిరిగాను, నీళ్లలో పడిపోతుందని. నా కొడుకు ఒకడు చలిజ్వరంతో తడి గోడల మధ్యే పోయాడు. ఒక్క పొడి గది అడిగాను దేవుణ్ణి. ఒక్కటి. అది కూడా ఊరికి ఇచ్చెయ్యమంటావు. ఎవరు అడుగుతున్నారు? నా చేతి కూడు తినడానికి కూడా మనసొప్పని మనిషి."

"నెలీదా," అన్నాడు అర్తిదోరో.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడాల్సిన చోట మాట్లాడలేదు నువ్వు." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "ఏడాదిగా చూస్తున్నాను. పిల్లి కూడా అలా పళ్లెం నెట్టదు. ఊరంతటి ముందూ నెడుతుంది. నేనేం తప్పు చేశానో చెప్పమను. ఉప్పెక్కువైతే చెప్పమను, కడిగి మళ్లీ వండుతాను."

హసింతా పెదవులు కదిలాయి. మనవరాలి వైపు ఒకసారి చూసింది. తర్వాత చేతికర్ర తీసుకుని, నెమ్మదిగా నడుస్తూ తన ఊయల మంచం దగ్గరికి వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. ఊళ్లోనూ అంతే. ఇదివరకు గుడ్ల కోసం వచ్చే ఆడవాళ్లు రావడం తగ్గించారు. రొసెందో భార్య ఇల్దా మాత్రం ఎదురుపడితే, "మా ఆయన నోరు నీకు తెలుసు కదా వదినా," అని తలదించుకుని వెళ్లిపోయేది. నెలీదా గుంజలను దేలీతో కలిసి మెట్ట మీదికి దొర్లించుకుంది. గుంటలు తవ్వడానికి అర్తిదోరో పలుగు తీసుకుని వస్తే, "అవసరం లేదు," అని పంపేసింది.

జనవరిలో నది వచ్చింది. ఫిబ్రవరి నాటికి ఇళ్ల నేల పలకలకు జానెడు కింద నీళ్లు ఊగుతున్నాయి. రెండో వారంలో ఒక ఉదయం రొసెందో దోనెలోకి మోటారు ఎత్తుతూ, గుండె పట్టుకుని అలాగే ఒరిగిపోయాడు. ఇల్దా కేకకు చుట్టుపక్కల దోనెలు చేరేసరికే ప్రాణం లేదు. యాభై మూడేళ్లు.

అర్తిదోరో, మరొకతనూ శాన్ రోకెకు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. అక్కడ మిగిలిన సమాధుల తోట కూడా నీళ్లలోనే ఉంది. శిలువల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

నెలీదా రొసెందో ఇంటికి వెళ్లకూడదనే అనుకుంది. కానీ ఇల్దా ముఖం గుర్తొచ్చి, అత్తగారినీ దేలీనీ దోనెలో ఎక్కించుకుని తెడ్డు వేసుకుంటూ వెళ్లింది. రొసెందోను బల్ల మీద పడుకోబెట్టారు. తెల్ల చొక్కా తొడిగారు. నాలుగు మూలలా కొవ్వొత్తులు. పలకల సందుల్లోంచి కింద నీళ్లు తళతళలాడుతున్నాయి. ఇల్దా భర్త చెయ్యి పట్టుకుని కూర్చుంది. నెలీదాను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. ఏమీ అడగలేదు. మెట్ట ఊసే ఎత్తలేదు. అడిగి ఉంటే నెలీదాకు ఏదో ఒక జవాబు ఉండేది.

ఫెర్మీన్ గొంతు సవరించుకున్నాడు. "రేపటికి శవం ఆగదు. ఈ ఊరు పుట్టకముందు, మా తాతల కాలంలో వరదలో పోయినవాళ్లను దుప్పట్లో చుట్టి, రాయి కట్టి నదికి ఇచ్చేవారు. ప్రార్థన చేసి అలాగే చేద్దాం. ఇంక దారి లేదు."

ఇల్దా భర్త చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నదికి వద్దు."

మూల నుంచి వచ్చిన ఆ గొంతు హసింతాదని గుర్తుపట్టడానికి నెలీదాకు ఒక క్షణం పట్టింది.

"నదికి ఇవ్వకండి," అంది హసింతా. చేతికర్ర రెండు చేతులతో పట్టుకుంది. "మా ఆయన్ని నది తీసుకుంది. ఏడాదిన్నర దాటింది. అప్పటి నుంచి నేను చేప ముట్టలేకపోతున్నాను. నోట పెట్టుకోబోతే ఆయనే గుర్తొస్తాడు. ఏ చేప ఎక్కడ తిరిగి వచ్చిందో, ఏం తిని వచ్చిందో అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే, నాకు తెలుసు. అయినా పోదు. ఇల్దా ముందింకా చాలా బతుకుంది. రోజూ నదిలో నీళ్లు ముంచుకోవాలి, చేప వండుకోవాలి. దానికి ఈ బాధ పెట్టకండి."

నెలీదాకు తను విసురుగా పొయ్యి మీద పెట్టిన మూకుళ్లూ, అన్న మాటలూ వరసగా గుర్తొచ్చాయి. పిల్లి కూడా అలా పళ్లెం నెట్టదని అంది తను.

ఆమె లేచి బయటికి వచ్చి దోనె కట్టు విప్పింది. అర్తిదోరో వెనకే వచ్చి, "ఎక్కడికి?" అన్నాడు.

"ఇంటికి. పార తేవాలి."

అతను ఒక్క క్షణం ఆమె ముఖం చూశాడు. దోనెలోకి దిగి రెండో తెడ్డు అందుకున్నాడు.

మెట్ట మీద కోళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయి. తూర్పు వైపు, నారింజ చెట్ల వరస ముగిసే చోట నెలీదా పారతో నాలుగు గీతలు గీసింది. పైన రెండడుగులు ఆమె మోసి పోసిన నల్లమట్టి మెత్తగా దిగింది. ఆ కింద ఎర్రమన్ను రాయిలా ఉంది. అర్తిదోరో పలుగు వేశాడు, ఆమె మట్టి ఎత్తింది. నడుము లోతుకు దిగినా నీటి చెమ్మ రాలేదు.

"ఆ రోజు సభలో నేను మాట్లాడాల్సింది," అన్నాడతను పలుగు ఆపి. "నీకూ అమ్మకీ మధ్య ఏది న్యాయమో తేల్చుకోలేకపోయాను."

"నాకూ తెలియలేదులే," అంది నెలీదా. "తవ్వు."

కాసేపటికి దోనెలు ఒకటొకటిగా మెట్టకు ఆనుకున్నాయి. మగవాళ్లు అడక్కుండానే పారలు అందుకున్నారు. హసింతాను దేలీ చెయ్యి పట్టుకుని ఎక్కించుకొచ్చింది. ముసలావిడ కోళ్ల పాక నీడలో కూర్చుంది. నెలీదా మట్టి చేతులతోనే వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదత్తా? అన్ని మాటలన్నాను. ఒక్కసారి చెప్తే నోరు మూసుకునేదాన్ని కదా."

"చెప్తే నువ్వూ తినలేకపోయేదానివి," అంది హసింతా. "దేలీ తినేది కాదు. నా కొడుకు వల వేసేవాడు కాదు. అప్పుడు ఇంట్లో ఏం తినేవాళ్లు? నా ఒక్కదాని కడుపులో ఉంటే ఒక్కదానికే కష్టం."

నెలీదా ఆమె మోకాళ్ల మీద తల పెట్టింది. ఇరవై రెండేళ్లలో అత్తగారి ముందు ఆమె ఏడవడం అదే మొదలు. హసింతా ఎండిన చెయ్యి కోడలి జుట్టులోంచి ఎర్రమన్ను రేణువులు ఒక్కొక్కటే ఏరి పడేసింది.

వరదలో శవపేటికకు పలకలెక్కడివి? రొసెందో సగం చెక్కి వదిలేసిన దోనె ఒకటి వాళ్ల ఇంటి చూరుకు కట్టి ఉంది. దాన్ని మధ్యకు కోసి, ఒక సగంలో అతన్ని పడుకోబెట్టి, రెండో సగం మూతగా బోర్లించారు. తను చెక్కిన దోనెలోనే అతను మెట్ట ఎక్కాడు. ఫెర్మీన్ ప్రార్థన చదువుతుండగా ఒక కోడిపుంజు మట్టి కుప్ప ఎక్కి గట్టిగా కూసింది. దేలీ తోలబోతే ఇల్దా ఆపింది.

"ఉండనీవే. బతికున్నన్నాళ్లూ ఈ కోళ్లను ఆడిపోసుకున్నాడు. ఇప్పుడు వీటి మధ్య పడుకోవడానికి వచ్చాడు," అంది. ఏడుస్తూనే నవ్వింది. ఆమె నవ్వేసరికి మిగతావాళ్లకూ నవ్వడానికి ధైర్యం వచ్చింది.

నీరు తీశాక మళ్లీ సభ పెట్టారు. ఈసారి నెలీదాయే మాట్లాడింది. తూర్పు వాలు ఊరిది, పడమటి వాలు తనది. ఎవరి మనిషిని పాతిపెట్టినా ఆ ఇంటివాళ్లు పది గంపల ఒండ్రు మట్టి మోసుకొచ్చి పోయాలి, ఒక పండ్ల మొక్క నాటాలి. కోళ్లను ఎవరూ ఏమీ అనకూడదు. ఫెర్మీన్ ఇవన్నీ ఊరి పుస్తకంలో రాసి, సంతకం చేయగలిగినవాళ్ల చేత సంతకం, మిగతావాళ్ల చేత వేలిముద్ర వేయించాడు. ఆగస్టులో ఊరంతా ఒక రోజు పనులు మానుకుని వచ్చి, నెలీదా గుంజలు నాలుగు జాముల్లో నిలబెట్టేశారు. ఆడవాళ్లు కుండల్లో పులియబెట్టిన కర్రపెండలం పానీయం తెచ్చారు. కప్పు ఆకులు నేయడానికి అందరికంటే ముందు వచ్చింది ఇల్దా.

ఈ రోజు ఆ తూర్పు వాలు మీద ముప్పై ఒక్క శిలువలున్నాయి. పక్క ఊళ్లవాళ్లు కూడా దాన్ని నెలీదా మెట్ట అనే అంటారు. శాన్ రోకె సమాధుల తోటలో మిగిలిన సగం కూడా నదిలో కలిసిపోయినప్పుడు వాళ్లు తమ మనిషిని దోనెలో పెట్టుకుని వచ్చి మెట్ట కింద నిలబడి, పైకి రావడానికి మొహమాటపడ్డారు. నెలీదా దిగి వెళ్లి వాళ్లను పిలుచుకొచ్చింది. ఇదంతా తర్వాతి సంగతి.

మొదటి ఏడు సమాధుల పండుగనాటికి అక్కడ ఉన్నది రెండే సమాధులు. ఒకటి రొసెందోది. రెండోది, హసింతా అడిగితే, లోపల ఎవరూ లేకుండా కట్టింది. శాన్ రోకె గట్టు దగ్గర నుంచి అర్తిదోరో గంపెడు మట్టి తెచ్చి అందులో పోశాడు. పైన తండ్రి పేరు చెక్కిన శిలువ పెట్టాడు. ఉదయమే అందరూ కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి, అరటాకుల మీద తెచ్చిన పలహారాలు పంచుకుని తిన్నారు.

జనం పలచబడ్డాక హసింతా చేతికర్ర పట్టుకుని ఆ శిలువ చుట్టూ తిరగడం మొదలెట్టింది. నెలీదా వెనకే వెళ్లింది.

"ఇక్కడ," అంది ముసలావిడ, కర్ర నేల మీద గుచ్చి. "నన్ను ఇక్కడ పెట్టండి."

"అక్కడ చీమల పుట్ట ఉందత్తా."

"అయితే ఇటు." రెండడుగులు జరిగింది. కర్రతో పొడవూ వెడల్పూ కొలిచింది. తృప్తిగా తలూపింది. తర్వాత ఇంకో రెండడుగులు పక్కకు వేసి, అక్కడ కూడా గీత గీసింది. "ఇది నీది."

"నాదా?" నెలీదా తెల్లబోయింది. "నీ పక్కన మీ అబ్బాయి ఉండాలి కదా."

"వాడు గురక పెడతాడు. నలభై ఎనిమిదేళ్లుగా వింటున్నాను, చాలు. వాణ్ణి ఆ చివర పెట్టండి. నా పక్కన నువ్వుండు."

నెలీదా నవ్వింది. ముంజేత్తో కళ్లు ఒత్తుకుని, "నాకింకా బోలెడు పనులున్నాయత్తా. దేలీ పెళ్లి చూడాలి, మనవల్ని ఎత్తుకోవాలి. ఇప్పుడప్పుడే రాను," అంది.

"తొందరేం లేదు," అంది హసింతా, ఆమె మోచెయ్యి పట్టుకుని వాలు దిగుతూ. "నెమ్మదిగా రా. నేను చోటు పట్టి ఉంచుతాను."